కుళాయి పక్క పుదీనా

పుదీనా ఫారసీ మాట. మన నోట పడి పుదీన అయింది, కొందరి నోట పొదీన అయింది. కరివేపాకు మన సొంత పేరు. మరువకము మరువమై, దమనకము దవనమై, సంస్కృతం నుండి వచ్చి తద్భవాలుగా మన నాలుకకు అలవడ్డవి. పుదీనాకు మాత్రం అటువంటి వంశవృక్షం లేదు. ఆయుర్వేద ద్రవ్యాల పట్టికలలో ‘పూతిహ’ అనే సంస్కృత పదం కనబడుతుంది. దుర్గంధాన్ని పోగొట్టేది అని వ్యుత్పత్తి చెప్పుకోవచ్చు. చక్కని మాటే కాని, వినగానే పుదీనాకు జందెం వేసి కూర్చోబెట్టినట్లు నాకు తోస్తుంది.

మన బ్లాగులు పుట్టిన కొత్తలో ప్రతి పరాయి మాటకూ ఒక తెలుగు మాటను పుట్టించాలన్న ఉత్సాహం ఎంత ఉండేదో పాతమిత్రులకు జ్ఞాపకమే. అట్లని పుదీనాకు ఇప్పుడు నామకరణం చేద్దామని నేననడం లేదు. మనం రోజూ వ్రాసే ‘టపా’ మాత్రం మన పెరటిలో మొలిచిందా ఏమిటి? వచ్చి నిలిచిన మాట మనదే, వచ్చి నాటుకున్న మొక్కా మనదే. నేను చెప్పదలచినది దాని పేరును గురించి కాదు, దాని చోటును గురించి.

తులసి, మరువం, వామాకు, సబ్జా, పుదీనా ఇవన్నీ వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబానికి చెందినవి. నలుపలకల కాడ, ఎదురెదురుగా ఆకులు, నలిపితే వాసన. (దవనం ఈ కుటుంబానిది కాదు, అది చేమంతికి చుట్టం.) ఇంతమంది జ్ఞాతులలో తులసి కోట ఎక్కింది, మరువం కదంబమాలలో చేరి దేవుని మెడకూ ఆడపిల్లల జడకూ ఎక్కింది. పుదీనాను నేనెరిగినంతలో పూజకు వాడిన ఇల్లు లేదు, తలలో తురుముకున్న ఇల్లాలూ లేదు. అది తిన్నగా వంటింటికే వెళ్ళింది. హైదరాబాదులో బిర్యానీ పొరల నడుమ దానికి ఎప్పటినుండో గౌరవస్థానమున్నది. మా కృష్ణాజిల్లా పల్లెలలో గోంగూర, కొత్తిమీర ఏలుతున్న రాజ్యంలో అది ఒక సామంతరాజు మాత్రమే, ఎప్పుడో ఒక పచ్చడి.

ఆ సామంతునికి మా ఇళ్ళలో ఇచ్చిన చోటు నూతి చప్టా పక్కన, నీళ్ళు పారే కాలువ ఒడ్డు. ఒక అరటి, రెండు కంద దుంపలు, వాటి కాళ్ళ దగ్గర పుదీనా. ఎవరూ దానికి ప్రత్యేకంగా నీళ్ళు పోసేవారు కారు. బియ్యం కడిగిన నీరు, కాళ్ళు కడిగిన నీరు, బూడిదతో కొబ్బరిపీచుతో అంట్లు తోమిన నీరు అటే పోయేది. అది నిరాదరణ అని ఇప్పటివారికి అనిపించవచ్చు. నా అభిప్రాయంలో ఒక మొక్కకు అంతకంటె తెలివైన స్థలనిర్ణయం లేదు. వేరు లోతుకు పోని మొక్క అది, పైమట్టి ఎండితే వాడిపోతుంది, ఎప్పుడూ తడి కావాలి. ఇంట్లో ఎప్పుడూ తడిగా ఉండే చోటు ఏదో చూసి అక్కడ నాటారు. దాని కోసం ఒక్క చెంబు నీరు అదనంగా తోడలేదు.

ఇక నేనిప్పుడు ఉంటున్న చోటి సంగతి. భాషాప్రవీణ చదివి, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి, పదవీ విరమణ తరువాత మా అమ్మాయి ఇంట ఫిలింనగర్ వైపు వచ్చి చేరాను. జూబిలీహిల్స్ అంటే ఇప్పుడందరికీ అద్దాల మేడలు, సినిమావారి గేట్లు కళ్ళ ముందు మెదులుతాయి గాని, 1960లలో చల్లగళ్ళ నరసింహం గారి చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడేనాటికి ఇది ఒట్టి రాతిగుట్ట. ఈ దక్కను గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ బండల నడుమ అక్కడక్కడ మొరం, ముళ్ళపొదలు. ఇంత దూరం ఎవరు వస్తారని ఆనాడు అనుకున్నవారున్నారట. పక్కనే బంజారాహిల్స్‌లో అక్కినేని నాగేశ్వరరావు గారు నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమయింది. ఆ తరువాత పద్మాలయా వచ్చింది, ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చింది. మద్రాసులో కోడంబాకం, త్యాగరాయనగర్‌ల చుట్టూ అల్లుకొని ఉన్న తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా ఈ గుట్టల మీదికి కాపురం మార్చింది. కొందల పక్కన కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో జూనియర్ ఆర్టిస్టులూ, లైట్లు మోసేవారూ, కుట్టుపనివారూ చేరారు.

మొదట కట్టిన ఇళ్ళకు చుట్టూ జాగా ఉండేది. ఆ జాగాలో చాలామంది చేసిన పని పచ్చిక పరచడం. రాతి మీద నాలుగు వేళ్ళ మట్టి పోసి, దాని మీద గడ్డి పరచి, దానికి పొద్దున సాయంత్రం నీళ్ళు చల్లడం. ఇది చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. ఈ నగరానికి 2004 నుండి కృష్ణానీరు నాగార్జునసాగర్ నుండీ, 2015 నుండి గోదావరి నీరు ఎల్లంపల్లి నుండీ వస్తున్నది. రెండూ వంద కిలోమీటర్లకు పైబడిన దూరాలు, ఎత్తుకు తోడుకొని తెచ్చే నీళ్ళు. ఈ గుట్టలలో బోరు వేస్తే రాయి తగిలినంత సులభంగా నీరు తగలదు. 2024 వేసవిలో నగరపు పడమటి భాగాలలో ట్యాంకర్లకు ఎంత గిరాకీ పెరిగిందో ఇక్కడి వీధులలో పగలూ రాత్రీ తిరిగిన బళ్ళను చూసినవారికి చెప్పనక్కరలేదు. అంత దూరం నుండి వచ్చిన నీటిని ఆవు కూడా మేయని గడ్డికి పోయడం విలాసమే కాని తోటపని కాదు.

తరువాత ఆ పెద్ద ఇళ్ళు కూడా ఒక్కొక్కటే అపార్టుమెంట్లయినవి. ఇప్పుడు పచ్చికా లేదు, నూతి చప్టా అంతకన్నా లేదు. గోడ నుండి గోడ వరకు టైల్సు. వంటింటి నీరు గొట్టంలో పడి కనబడకుండా పోతుంది. ఇంట్లో ‘ఎప్పుడూ తడిగా ఉండే చోటు’ అనేదే మాయమయింది, దానితోపాటు పుదీనా మాయమయింది.

మాయమయిందంటే వాడకం తగ్గిందని కాదు సుమా. రోడ్ నంబరు 36 మీది కాఫీ దుకాణాలలో పొడుగాటి గాజుగ్లాసులో నిమ్మరసం, సోడా పోసి, నాలుగు పుదీనా రెమ్మలు వేసి ‘మొహితో’ అని ఇస్తారు. ఆ పేరు క్యూబా దేశపు మద్యపానీయానిది, మన పిల్లలు తాగేది మద్యం తీసివేసిన రూపం. నేనూ ఒకసారి మనుమరాలి బలవంతం మీద పుచ్చుకున్నాను. బాగానే ఉన్నది, మజ్జిగలో వేసినంత కాదు. ఇళ్ళకు మాత్రం పుదీనా ప్లాస్టిక్ డబ్బాలలో పది నిమిషాలలో గుమ్మం ముందుకు వస్తున్నది. కావలసినవి పది ఆకులు, వచ్చేది ఒక కట్ట. తక్కినది శీతలపేటికలో నల్లబడి మూడోనాడు చెత్తబుట్టకు పోతుంది.

పైగా ఆ కట్ట ఏ నీటితో పెరిగినది? మూసీ దిగువన ఉప్పల్, పీర్జాదిగూడ ప్రాంతాలలో నగరపు మురుగునీటితో పశుగ్రాసం, వరి, ఆకుకూరలు పండించడాన్ని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు 2000ల నుండి పరిశీలించి ప్రకటించినారు. ఆ రైతులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మురుగు వదిలినది మనం, వారికి దిక్కైనది ఆ నీరే. అంగడిలోని ఆకుకూరలన్నీ అక్కడివేనని అనడం కూడా అన్యాయమే. కాని కట్టను చూసి నీటిని చెప్పగలిగినవాడు లేడు. తోటకూరనైతే ఉడికించి తింటాం. పుదీనాను పెరుగులోనూ, పచ్చళ్ళలోనూ, పానకాలలోనూ పచ్చిగానే తింటాం. కాబట్టి ఇంట్లో ఒక్కటే మొక్క పెంచే ఓపిక ఉన్నవారు పుదీనానే పెంచుకోవాలన్నది నా వాదం. టమాటా పెంచాలంటే ఎండ కావాలి, చోటు కావాలి, ఓర్పు కావాలి, చివరకు నాలుగు కాయలు. పుదీనా తనకు దొరికిన కాస్త చోటులోనే ఇంటికి సరిపడా ఇస్తుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణమున్నది. మా అపార్టుమెంటులో నీళ్ళ సంపు పక్కన, గోడకూ సిమెంటుకూ నడుమ ఒక మూరెడు వెడల్పు మట్టి మిగిలిపోయింది. అక్కడొక కుళాయి. కావలిదారు కుటుంబం పాలమూరు నుండి వచ్చినవారు, కింద సెల్లారులో ఒక గదిలో ఉంటారు. ఆ ఇల్లాలు బియ్యం, కూరలు కడిగేది ఆ కుళాయి దగ్గరే. ఆ మట్టిలో పుదీనా దుప్పటి పరచినట్లు పెరిగింది. ఎప్పుడు నాటావమ్మా అంటే, “నేనేం నాటలే సారూ. కూరకు తెచ్చిన కట్టల రెండు కాడలు గుచ్చిన. గదే పాకింది” అన్నది. నా లెక్కలో అదే ఉద్యానశాస్త్రం మొత్తం.

ఇప్పుడు మా సంఘంవారు ఆ మట్టిని కప్పి టైల్సు వేయించి, కుండీలలో అలంకారపు మొక్కలు పెట్టించాలని తలపెట్టినారు. వారు చెప్పిన కారణాలు మూడు: దోమలు, గోడకు చెమ్మ, చూపుకు బాగుండకపోవడం. మొదటిది నిలవదు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో, తడిమట్టిలో కాదు. ఆ లెక్కన ముందు తీసివేయవలసినది ముఖద్వారం దగ్గర వారానికి నాలుగురోజులు ఆగిపోయి ఉండే ఫౌంటెనును. రెండవ కారణంలో న్యాయమున్నది. సంపు గోడకు ఆనించి ఎప్పుడూ తడి ఉండడం మంచిది కాదు. దానికి ఉపాయం ఆ మొక్కలను ఒక అడుగు ఇవతలకు జరిపి, జానెడు లోతు సిమెంటు తొట్లలోకి మార్చడం. వేరు లోతు లేని మొక్క గనుక అది చాలు. మూడవ కారణానికి నేనేమీ సమాధానం వ్రాయలేదు. తోటను కంటితో మాత్రమే చూసేవారికి పుదీనా ఎన్నడూ అందంగా కనబడదు. దానికి పూవు గొప్పది కాదు, ఆకారమూ గొప్పది కాదు. ఇక్కడి స్టూడియోలలో ఎంత అందమైన తోటనైనా ప్లాస్టిక్ ఆకులతో ఒక్కరోజులో నిలబెట్టగల నిపుణులున్నారు, కెమెరాకు తేడా తెలియదు. పుదీనాను మాత్రం వారు కూడా చేయలేరు, ఎందుకంటే అది ఉన్నది ముక్కుకు.

విచిత్రమేమంటే, టైల్సు వేయాలని చేయెత్తినవారి ఇళ్ళనుండే ఆదివారం ఉదయం పిల్లలు కిందికి దిగి, “ఆంటీ, పుదీనా కావాలట” అని ఆమెను అడుగుతారు. ఆమె నవ్వుతూ గుప్పెడు తుంచి ఇస్తుంది. బిర్యానీ వాసన లిఫ్టులో పై అంతస్తు వరకు వస్తుంది. ఆ గుప్పెడుకు ఎవరూ వెల కట్టరు, ఆమె అడగదు. మొక్క తీసేస్తారటమ్మా అని నేనంటే, “తీయుమంటే తీస్త సారూ. మల్ల గా కుళాయి నీళ్ళు యాడికి పోతయ్? బురద నేనే గద ఎత్తాలె” అన్నది. సంఘానికి నేను వ్రాసిన కాగితంలో ఈ మాటనే మొదటి అంశంగా పెట్టాను. ఆ మడి ఆమెదని తీర్మానంలో వ్రాసుకోవాలనీ, కావలసినవారు ఆమెను అడిగి కోసుకోవాలనీ రెండవ అంశం. ఒకరిద్దరికి ఈ రెండవ అంశమే ఎక్కువ బాధ కలిగించిందని తెలిసింది. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

పుదీనాను విత్తనంతో పెంచేవారు అరుదు. విత్తు కట్టడమే తక్కువ, కట్టినా తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. కాడ ముక్కతోనే దాని సంతానం. ఒకరి మడిలోది ఇంకొకరి మడికి పోతుంది, అక్కడినుండి మరొకరికి. ఈ నగరంలో నాలుగిళ్ళ కుండీలలో ఉన్నది ఒకే మొక్క శరీరం కావచ్చు. కనుక ఎక్కడైనా ఒక మంచి మడి ఉంటే దాన్ని నరికివేయడం ఒక్క మడిని పోగొట్టుకోవడం కాదు.

మట్టి లేనివారికి మేడ ఉన్నది. హైదరాబాదు నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన ఇంటి కప్పు మీద కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అన్న మాటను తెలుగువారి నోట నిలిపినారు. రూఫ్ గార్డెను, టెర్రస్ గార్డెను అని నోరు తిప్పుకుంటున్న కాలంలో ఒక కథకుడు ఇంత చక్కని సమాసాన్ని వాడుకలోకి తేవడం నాబోటి తెలుగు మాష్టరుకు పండుగ. అయితే మిద్దెతోట అనగానే వందలాది కుండీలను ఊహించుకొని జంకేవారు ఎక్కువ. వారికి నేను చెప్పేది ఒక్క కుండీ గురించే.

కుండీ లోతుగా ఉండనక్కరలేదు, వెడల్పుగా ఉండాలి. పాత టబ్బుకు అడుగున చిల్లులు పెట్టినా చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక. అంగడి కట్టలో లేతవి కాకుండా కాస్త ముదిరి, కణుపుల దగ్గర గట్టిగా ఉన్న కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తీసి, గ్లాసు నీటిలో ఉంచితే వారం పది రోజులలో తెల్లని వేళ్ళు వస్తాయి. నీరు రోజు విడిచి రోజు మార్చాలి. వేళ్ళు బొటనవేలంత కాగానే నాటవచ్చు. ఉదయపు ఎండ తగలాలి, ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు ఎండ తగలరాదు. ఈ గుట్టల మీద సిమెంటు కప్పు ఆ నెలలలో పెనంలా కాలుతుంది గనుక కుండీని ఇటుకల మీద పెట్టి ఎత్తు చేయడం మేలు. బియ్యం, పప్పు, ఆకుకూరలు కడిగిన నీరు పోయండి. సబ్బు కలిసిన అంట్ల నీరు వద్దు, బూడిదతో తోమిన కాలం కాదిది. నీరు నిలవరాదు, మట్టి ఎండరాదు.

కోయడంలో మొహమాటపడేవారి మొక్క పాడవుతుంది. ఆకులను గిల్లడం కాదు, కాడను రెండు వేళ్ళ ఎత్తు ఉంచి మొత్తం కోయాలి. పూత కనబడితే తుంచివేయాలి, పూతకు వచ్చాక ఆకు ఘాటు మారి మొరటుబారుతుంది. ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు, ఆ కాడలను నేలదాకా కోసి పారవేయడమే వైద్యం. ఏడాది తిరిగేసరికి కుండీ నడుమ బట్టతలలా ఖాళీ అయి, అంచులలోనే చిగుళ్ళు వస్తాయి. అప్పుడు తిరగవేసి, అంచు ముక్కలను కొత్త మట్టిలో నాటుకోవాలి. వేరొక మొక్కతో కలిపి ఒకే కుండీలో పెట్టవద్దు. ఇల్లు అద్దెకిచ్చి చివరకు వీధిన పడ్డవాని కథ అవుతుంది.

పుదీనా చలవ అని అందరూ అంటారు. చల్లదనపు అనుభూతికి ప్రసిద్ధమైనది మెంథాల్. చల్లదనాన్ని గుర్తించే మన నరాల మీది ద్వారమొకటి మెంథాల్ తగిలినా తెరుచుకుంటుందనీ, అందుకే చలి లేకపోయినా చలువ తోస్తుందనీ 2002లో తేలింది. ఆ దారిలో పరిశోధించిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమానం వచ్చింది. మెంథాల్ కోసం ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ ప్రాంతాన పెంచే పుదీనా వేరు. అది పళ్ళపొడికీ తలనొప్పి మందుకూ పోతుంది. మన వంటింటి పుదీనా పరిమళానికి మూలం ప్రధానంగా కార్వోన్ అనే మరొక పదార్థం. కనుక మన పచ్చడి ఇచ్చే చలవలో ఎక్కువ భాగం దానితో కలిసిన పెరుగుదే. వాట్సాపులో పుదీనా కషాయానికి లొంగని రోగం లేదని పొద్దున్నే పంపే మిత్రులను వేడుకునేది, పచ్చడి ఆకును పచ్చడి ఆకుగానే బ్రతకనివ్వండి.

ఆ పచ్చడి కూడా చాలామంది చెడగొడుతున్నారు. ఎండుమిరపకాయలు, మినప్పప్పు, కొద్దిగా ధనియాలు నూనెలో వేయించి తీసి, పొయ్యి ఆర్పిన తరువాత ఆ మూకుడు వేడిలోనే ఆకు వేసి ఒకసారి తిప్పాలి. రంగు మారకముందే తీసివేయాలి. నల్లబడేదాకా వేయిస్తే ఇల్లంతా వాసన, పచ్చడిలో శూన్యం. చింతపండు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క చేర్చి రోటిలో నూరితే సరి. మిక్సీ తప్పనివారు ఆపి ఆపి తిప్పండి.

తొలకరి పడి ఎండ తగ్గిన తరువాత, ఆషాఢం నుండి కార్తికం దాకా కొమ్మలు నాటుకోవడానికి అనువైన కాలం. దూరం తీసుకుపోయేవారు కాడలను తడిబట్టలో చుట్టి, దాని మీద అరటాకు కట్టి పట్టుకొనిపోతే ఒక రాత్రి ప్రయాణానికి ఆగుతాయి. మా సంఘం ఏ నిర్ణయం చేసినా సరేనని ఆమె దగ్గర అడిగి తీసుకొని, మా బాల్కనీలో రెండు టబ్బులు, మా పక్కింటివారి మేడమీద ఒకటి ఇప్పటికే పెట్టించాను.